హోంలో ఉన్న మా బాపుకు పడక పుండు పడింది. ఏమేం చూడాలి, ఎవరిని అడగాలి?

బాపు బిడ్డ, హన్మకొండ

అందరికీ నమస్తే. చాలా టెన్షన్‌లో రాస్తున్నాను, కొంచెం పొడుగైనా ఓపికతో చదవండి. మా బాపుకు 76 ఏళ్లు. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. పోయిన దసరా తర్వాత పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. షుగర్ కూడా ఉంది, పొద్దున, రాత్రి ఇన్సులిన్. అవ్వ పోయి ఆరేళ్లయింది. తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయన ఎనుమాముల మార్కెట్లో గుమస్తా, తెల్లవారుజామున పోతే సాయంత్రానికి వస్తాడు. మాది మూడో అంతస్తులో కిరాయి ఇల్లు, లిఫ్ట్ లేదు. పొద్దంతా బాపును ఒక్కడినే తాళం వేసి పోలేక, తమ్ముడూ నేనూ మాట్లాడుకుని నాలుగు నెలల కింద ఊరి బయట ఉన్న ఒక ప్రైవేటు హోంలో చేర్పించాము. నెలకు 18 వేలు, డైపర్లు, మందులు వేరే.

చూసినప్పుడు బాగానే ఉండింది. తెల్లటి బండలు, హాల్లో టీవీ, ముందు తులసి కోట. మొన్న ఆదివారం వెళ్లినప్పుడు బాపు ఒక పక్కకే ఒరిగి కూర్చుంటున్నాడు. ఏమైంది బాపూ అంటే ఏం లేదు బిడ్డా అన్నాడు. నాకు అనుమానం వచ్చి పంచె జరిపి చూస్తే నడుము కింద, వెన్నుపూస చివర రూపాయి బిళ్లకంటే పెద్ద పుండు, చర్మం లేచిపోయి తడితడిగా ఉంది. నా కాళ్లు చేతులు ఆడలేదు. మేనేజర్ను అడిగితే "మంచంలో ఉన్న ముసలోళ్లకు ఇవి మామూలే మేడం, పౌడర్ వేస్తున్నాం" అన్నాడు. ఎప్పటి నుంచి ఉందో చెప్పలేదు. నాకు ఫోన్ ఎందుకు చేయలేదంటే దానికీ జవాబు లేదు.

ఇంకో సంగతి. ఆ రోజు చీకటి పడేదాకా ఉన్నాను. ఎనిమిదింటికి గ్రిల్ గేటుకు తాళం వేశారు. 24 మంది పెద్దవాళ్లకు రాత్రి ఒక్క ఆయమ్మే అని అప్పుడే తెలిసింది. ఆమె కూడా పొద్దుటి నుంచి పనిచేసిన మనిషే.

నేను అడిగేది ఏమిటంటే, ఈ పుండు నిజంగా మామూలేనా? ఇట్లాంటి హోంలకు గవర్నమెంటు రూల్స్ ఏమైనా ఉన్నాయా, ఎవరైనా వచ్చి చెక్ చేస్తారా? వేరే హోంకు మారిస్తే అక్కడ ముందే ఏం చూసుకోవాలి? పోయినసారి తులసి కోట చూసి మోసపోయాను, మళ్లీ అట్లా కావద్దు.

పరకాల వాసి

మేడం, మీరు ఏమైనా అనుకోండి, కన్నతండ్రిని తీసుకుపోయి హోంలో పెట్టడమే నాకు మింగుడు పడటం లేదు. మా తాతను చివరి మూడేళ్లు ఇంట్లోనే అందరం కలిసి చూసుకున్నాం. డబ్బులు కట్టి చూడమంటే వాళ్లు అట్లనే చూస్తారు.

వార్డు సిస్టర్

పరకాల అన్నా, మీ తాతను చూసుకున్నది ఇంట్లో ఉన్న నలుగురైదుగురు, ఈమె ఒక్కతే. ఆ మాట ఇప్పుడు వద్దు, ముందు పుండు సంగతి చూద్దాం.

చెల్లే, నేను సర్జికల్ వార్డులో ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. మామూలే అన్న మాట నమ్మకండి. పడక పుండు వయసు వల్ల రాదు, ఒకే చోట ఒత్తిడి పడటం వల్ల వస్తుంది. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి దానికి నెత్తురు అందక చచ్చిపోతుంది. వెన్నుపూస చివర, తుంటి, మడమలు, చీలమండలు, మోచేతులు, ఇవీ ముందుగా పుండ్లు పడే చోట్లు. తిప్పి పడుకోబెట్టకపోతే కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. అందుకే మామూలు పరుపు మీద ఉన్న మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. రాత్రి కూడా. మీ బాపు పుండు పగలు పడి ఉండదు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఒకే వెల్లకిలా పడుకుని ఉంటాడు.

చర్మం లేచింది అంటున్నారు కాబట్టి ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించండి, షుగర్ ఉన్నవాళ్లకు ఊరికే లోతుకు పోతుంది. నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ఆ రోజే దవాఖానకు తీసుకుపోవాలి. పౌడర్ మాన్పించండి, తడికి అది ముద్దకట్టి ఇంకా పాడు చేస్తుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కడగవద్దు, పుట్టే కండ కూడా పోతుంది. సెలైన్‌తో కడిగి డాక్టర్ చెప్పిన డ్రెస్సింగ్ వేయాలి. మధ్యలో బెజ్జం ఉన్న గాలి రింగు కొంటారు కొందరు, అది కూడా వద్దు, చుట్టూ ఒత్తి పుండుకు నెత్తురు రాకుండా చేస్తుంది. ఎయిర్ బెడ్ మంచిదే, కానీ అది వేశాం కదా అని తిప్పడం మానేస్తే లాభం లేదు. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఏటవాలుగా ఒరిగించాలి. జరిపేటప్పుడు ఈడ్వకూడదు, కింద దుప్పటి పట్టుకుని ఇద్దరు ఎత్తాలి. తిండిలో పప్పు, గుడ్డు, పెరుగు పెంచండి, కిడ్నీలు బాగున్నాయో లేదో డాక్టర్ను అడిగి.

మిగతా చోట్లు మీరే చూడవచ్చు. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పర్వాలేదు. నొక్కినా ఎర్రగానే ఉంటే అక్కడ పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు వాళ్లకు ఎరుపు సరిగ్గా తెలియదు, చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చేత్తో తడిమి చూడాలి. మడమలు తప్పకుండా చూడండి, అందరూ అవే మర్చిపోతారు.

ఇంకొక్క మాట. రాత్రి ఇన్సులిన్ ఎవరు ఇస్తున్నారు, ఇచ్చాక అన్నం తిన్నాడా లేదా ఎవరు చూస్తున్నారు? ఇన్సులిన్ పడి తిండి తక్కువైతే అర్ధరాత్రి షుగర్ పడిపోయి చెమటలు పట్టి మాట తడబడుతుంది. మెలకువగా చూసే మనిషి లేకపోతే నిద్రపోతున్నాడనుకుంటారు. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం కూడా కష్టమవుతుంది, తినేటప్పుడు పొలమారుతుందా అడగండి. నిటారుగా కూర్చోబెట్టి తినిపించి, తర్వాత అరగంట దాకా పడుకోబెట్టకూడదు. ఊపిరితిత్తుల్లోకి మెతుకు పోతే న్యుమోనియా వస్తుంది.

కేర్‌టేకర్, కరీంనగర్ వైపు

నేను ఇట్లాంటి హోంలోనే ఎనిమిదేళ్లుగా సూపర్‌వైజర్ని. ఈ పనిలో ఉన్నవాడిగా చెప్తున్నాను, ఆ మేనేజర్ మీకు ఫోన్ చేయకపోవడం పెద్ద తప్పు.

కానీ ఆ ఆయమ్మను తిట్టకండి. లెక్క చూడండి. 24 మందిలో మంచం దిగలేనివాళ్లు ఏడుగురు అనుకుందాం. ఒక్కొక్కరిని తిప్పి, డైపర్ చూసి, తుడిచి, దిండ్లు సర్దడానికి పది నిమిషాలు. అంటే ఒక్క రౌండుకు 70 నిమిషాలు, అది కూడా ఇద్దరు మనుషులు ఉంటే. యాభై ఏళ్ల ఆడమనిషి ఒక్కతే 70 కిలోల మనిషిని ఎట్లా ఎత్తుతుంది? మధ్యలో ఒక పెద్దాయన బాత్రూంకు పోవాలి, ఇంకో అవ్వ మతిమరుపుతో గేటు దగ్గరికి నడుస్తుంది. ఆమె తెల్లారే దాకా పరుగెత్తినా పని కాదు. అందుకే హోం వాళ్లను ఒకటే అడగండి: రాత్రి రెండింటికి మెలకువగా ఎంతమంది ఉంటారు? ఎంతమంది "ఉంటారు" అని కాదు, మెలకువగా. పగలు పనిచేసిన మనిషినే రాత్రి కూడా పడుకోబెట్టి దాన్ని నైట్ డ్యూటీ అని లెక్క చెప్పే హోంలు చాలా ఉన్నాయి.

కొత్త హోం చూసేటప్పుడు చెప్పకుండా వెళ్లండి, రాత్రి భోజనం టైంకు వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం మాత్రమే రావాలి అనే హోం వద్దు. గుప్పున ఫినాయిల్ వాసన వస్తే సంతోషపడకండి, దుప్పట్లు ముట్టుకుని చూడండి, పరుపు మీది రెగ్జిన్ కవర్ చిరిగిందా చూడండి. పెద్దవాళ్ల గోళ్లు, నాలుక చూడండి. నాలుక ఎండి ఉంటే నీళ్లు ఎవరూ తాగించడం లేదన్నమాట. మీ బాపుకు ఎడమ పక్క పడిపోయింది కాబట్టి నీళ్ల సీసా, పిలిచే బెల్లు కుడి చేతికి అందేట్టు ఉండాలి. చాలాచోట్ల ఎడమ గోడకు ఉన్న స్టూలు మీద పెట్టి వెళ్తారు, ఆయన చూస్తూ దాహంతో పడుకుంటాడు. ఇది చిన్న విషయం కాదు. మనవైపు ఎండాకాలం 44, 45 డిగ్రీలు పోతుంది, ముసలితనంలో దాహం సరిగ్గా తెలియదు, రేకుల కింద గది ఇచ్చారంటే అసలే ఒప్పుకోకండి.

డ్యూటీ మారేటప్పుడు రాసే పుస్తకం ఉందా అడగండి. ఎవరిని ఎన్నింటికి తిప్పారు, ఎవరు తినలేదు, ఎవరికి మోషన్ కాలేదు, ఎవరు జారిపడ్డారు. వారం రోజులవి ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే అది ఒకేసారి కూర్చుని రాసిందే. ఒంటి మీద దురద ఎవరికైనా ఉందా అని కూడా చూడండి, గజ్జి ఒకరికి వస్తే అందరికీ, ఆయాలకు కూడా ఒకేసారి మందు రాసి బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఒక్కరికే రాస్తే నెలలకొద్దీ తిరుగుతూనే ఉంటుంది.

రిటైర్డ్ లైన్‌మ్యాన్, కాజీపేట

బిడ్డా, నాకు పుండు కంటే ఆ గేటు తాళమే ఎక్కువ భయం వేస్తోంది.

నలభై ఏళ్లు కరెంటు పని చేసినవాణ్ణి. నిప్పంటుకుంటే మనిషిని ముందు చంపేది మంట కాదు, పొగ. 2011 డిసెంబర్‌లో కోల్‌కతాలో ఒక పెద్ద ఆసుపత్రి సెల్లార్‌లో తెల్లవారుజామున అంటుకుంటే పొగ పై అంతస్తులకు ఎక్కి మంచాల్లో ఉన్న రోగులు 80 మందికి పైగా పోయారు. 2023 జనవరి 1న తెల్లవారుజామున ఢిల్లీ గ్రేటర్ కైలాశ్‌లో వృద్ధుల హోంలోనే మంటలు వచ్చి ఇద్దరు ముసలమ్మలు చనిపోయారు. అన్నీ అందరూ నిద్రలో ఉన్న టైంలోనే. జాతీయ భవన నియమావళి వృద్ధాశ్రమాలను మామూలు ఇండ్ల లెక్కన చూడదు, ఆసుపత్రులు ఉండే సంస్థల వర్గంలోనే పెడుతుంది, ఎందుకంటే అక్కడున్నవాళ్లు లేచి పరుగెత్తలేరు. మనవాళ్లు మాత్రం మామూలు రెండంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని మంచాలు వేసి బోర్డు పెడతారు.

నువ్వు పోయి చూడాల్సింది: గ్రిల్ తాళంచెవి ఎక్కడ ఉంటుంది? మేనేజర్ జేబులో ఉండి ఆయన ఇంటికి పోతే ఆ ఆయమ్మ ఏం చేస్తుంది? తాళం వేయక తప్పదు, మతిమరుపు ఉన్నవాళ్లు రోడ్డెక్కుతారు, అది నాకూ తెలుసు. కానీ చెవి గేటు పక్కనే, రాత్రి ఉండే ప్రతి మనిషికీ తెలిసిన మేకుకు వేలాడాలి. రెండో దారి ఉండాలి, దానికి అడ్డంగా బియ్యం బస్తాలు, విరిగిన కుర్చీలు ఉండొద్దు. లేవలేనివాళ్లు కింది అంతస్తులోనే ఉండాలి. మంటలార్పే సిలిండర్ మీద ముల్లు పచ్చ గీతలో ఉందా చూడు, దాన్ని ఎట్లా వాడాలో ఆయమ్మను అడుగు. ఎత్తలేని మనిషిని దుప్పటితో సహా మంచం మీది నుంచి దించి నేల మీద ఈడ్చుకుపోవచ్చు, ఒక్క మనిషి కూడా చేయగలదు, కానీ ఒకసారైనా చేయించి చూపించాలి. మామూలప్పుడు ఈడ్వకూడదని సిస్టర్ చెప్పింది నిజం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు సంగతి వేరు.

కరెంటు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా అడుగు, షాక్ ప్రాణం తీసేలోపే కరెంటు ఆపేది అదే. దాని టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. బకెట్లో హీటర్ రాడ్ కనిపిస్తే అక్కడే గొడవ పెట్టుకో. మీ బాపుకు ఎడమ పక్క స్పర్శ సరిగ్గా ఉండదు, నీళ్లు కాలుతున్నా తెలియదు. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో ఒళ్లు కాలుస్తాయి. గీజర్ 50 లోపల పెట్టించాలి, పోసేముందు పోసే మనిషి తన మోచేతితో చూసుకోవాలి. గ్యాస్ గీజర్ మూసిన బాత్రూంలో ఉంటే విషవాయువుకు మనిషి చప్పుడు లేకుండా పోతాడు.

హోం నాలా దగ్గర ఉందా అనేది కూడా చూడు. 2023 జులైలో మన హన్మకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్లు ఎట్లా వచ్చాయో మర్చిపోలేం, 2020 ఆగస్టులోనూ వచ్చాయి. కింది అంతస్తులో మంచాల్లో ఉన్నవాళ్లను అప్పుడు ఎవరు ఎత్తాలి? వాన పడితే ఏం చేస్తారో ముందే అడుగు.

కేసు నడిపినవాడిని

రూల్స్ గురించి అడిగారు. మా అమ్మ విషయంలో తిరిగి తిరిగి నేర్చుకున్నది చెప్తాను.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది పేద వృద్ధులు ఉండేటట్టు ఆశ్రమాలు పెట్టవచ్చు, వాటిలో ఉండాల్సిన సౌకర్యాలకు ప్రమాణాలు పెట్టవచ్చు. ప్రైవేటు హోంలన్నీ రిజిస్టర్ కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అని 2019 డిసెంబర్‌లో సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. అది చట్టం కాలేదు. మన కష్టమంతా అక్కడే ఉంది.

చాలామంది ఆర్డీవో దగ్గరికి పొమ్మంటారు. అక్కడ ఉండే ట్రిబ్యునల్ పిల్లలు పోషించకపోతే పోషణ ఇప్పించడానికి, హోం మీద ఫిర్యాదుకు కాదు. ఆ దారిలో టైం పోగొట్టుకోకండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, జిల్లా సంక్షేమ అధికారికి ఒక కాపీ ఇవ్వండి. 14567 ఎల్డర్ లైన్‌కు ఫోన్ చేస్తే పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు, డబ్బులు పడవు. తాళం, ఒకే దారి సంగతి ఫైర్ స్టేషన్‌కు వేరే రాసి ఇవ్వండి.

మీరు నెలనెలా డబ్బు కట్టి సేవ తీసుకుంటున్నారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు కూడా పోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి, కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ముందు సలహా అడగవచ్చు. అన్నిటికంటే ముందు పుండు ఫొటోలు తేదీతో తీయండి, డాక్టర్ చీటీలో పుండు ఎంత ఉందో రాయించండి, కట్టిన రసీదులు, చేర్చేటప్పుడు సంతకం పెట్టిన కాగితం దగ్గర పెట్టుకోండి. "ఏమైనా జరిగితే మాకు సంబంధం లేదు" అని అందులో ఉన్నా భయపడకండి, ఆ ఒక్క వాక్యంతో నిర్లక్ష్యం మాఫీ కాదు. మేనేజర్‌తో ఫోన్‌లో కాకుండా వాట్సాప్‌లో రాయండి, ఎప్పుడు ఏం అడిగారో, ఏం చెప్పారో అక్కడ ఉండిపోతుంది.

బాపు బిడ్డ, హన్మకొండ

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను, అప్పటి నుంచి కూర్చోవడానికి టైం లేదు.

మీరు చెప్పిన రాత్రే పదిన్నరకు మా ఆయనను తీసుకుని వెళ్లాను. గేటు తీయడానికి పావుగంట పట్టింది, చెవి ఎక్కడుందో ఆయమ్మకు దొరకలేదు. లైన్‌మ్యాన్ బాబాయ్ చెప్పింది కళ్లారా చూశాను. బాపు వెల్లకిలా ఉన్నాడు, నీళ్ల సీసా ఎడమ పక్క స్టూలు మీదే ఉంది. నన్ను చూసి "నీళ్లియ్యి బిడ్డా" అన్నాడు. ఒక సీసా మొత్తం తాగాడు. అట్లా తాగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

మరుసటి రోజు సర్జన్‌కు చూపించాము. కండ దాకా పోలేదు, సరైన టైంకు తెచ్చారు అన్నారు. కుడి మడమ మీద కూడా ఎర్రగా ఉంది, నొక్కితే తెల్లబడలేదు. సిస్టర్ చెప్పకపోతే నేను మడమ చూసేదాన్నే కాదు. బాపును ఇంటికే తెచ్చుకున్నాము. ఇల్లు మారాము, మా ఆయన పెద్దమ్మ వాళ్ల ఇంట్లో కింద పోర్షన్ ఖాళీగా ఉంటే ఇచ్చారు. మంచం, ఎయిర్ బెడ్ కిరాయికి తెచ్చాము, పగలు చూడటానికి ఒక అక్కను పెట్టుకున్నాము, రాత్రి నేనూ మా ఆయనా వంతులవారీగా అలారం పెట్టుకుని తిప్పుతున్నాము. పరకాల అన్నకు చెప్తున్నాను, ఇది మా ఇద్దరి వల్ల ఎన్ని నెలలు అవుతుందో నాకు తెలియదు, బాపుకు పుండు మానాక మంచి హోం దొరికితే మళ్లీ చేర్పిస్తాను, తప్పనుకోను.

సోమవారం ప్రజావాణిలో ఇచ్చాను, రసీదు ఉంది. ఆ హోంలోనే ఉన్న ఇంకో ఇద్దరు పెద్దవాళ్ల పిల్లలు కూడా నాతో వచ్చి సంతకం పెట్టారు. రాత్రికి రెండో మనిషిని పెట్టామని, గేటు చెవి మేకుకు తగిలించామని మేనేజర్ నిన్న మెసేజ్ చేశాడు. నమ్మాలో లేదో చూడటానికి వాళ్లలో ఒకాయన ఈ రాత్రి వెళ్తానన్నాడు.

సిస్టర్, ఒక డౌటు. పుండు అంచులు గులాబీ రంగులోకి వస్తున్నాయి, మధ్యలో ఎర్రగా గరుకుగా ఉంది. మంచిదేనా?

వార్డు సిస్టర్

మంచిదే చెల్లే, కొత్త కండ పుడుతోంది. పసుపుగా జిగురు పేరినా, చుట్టూ వాచినా ఫోన్ చేసి డాక్టర్ను అడుగు. వారానికోసారి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తూ ఉండు, కళ్లకు తేడా తెలియకపోయినా స్కేలు మీద తెలుస్తుంది. దిండు మడమ కింద కాదు, పిక్క కింద పెట్టు, మడమ గాల్లో ఉండాలి.